18 రెట్లు పెంచి చూస్తే కనబడింది వెంట్రుకలే

నాతో పనిచేసే తమ్ముడొకడికి పన్నెండేళ్లు హెచ్-1బీ మీద నెట్టుకొచ్చాక గ్రీన్ కార్డు వచ్చింది. ఎవరైనా అయితే ఇండియా టికెట్లు బుక్ చేసుకుంటారు. వీడు తుపాకి దుకాణానికి వెళ్లి ఏఆర్-15 అనే సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ కొనుక్కొచ్చాడు. (వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర పెట్టుకోవడం మామూలుగా ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, వాటిని నమ్ముకుని ఇమిగ్రేషన్ మీదికి తెచ్చుకోవడం ఎందుకని వాడు ఇన్నాళ్లూ ఆగాడు. మంచి పని చేశాడు.)

ఒక శనివారం పొద్దున్నే ఫోన్, రైఫిల్ మీద బిగించి గురి చూసే స్కోప్ గురించి.

"అన్నా, 5 నుంచి 25 రెట్ల స్కోప్ ఒకటి సేల్‌లో ఉంది. కొట్టేయనా?"

"ఎక్కడ కాలుస్తావురా?"

"రేంజ్‌లోనే అన్నా. వంద గజాలు. ఎప్పుడన్నా మీతో పందుల వేటకి వస్తా."

"మరి పాతిక రెట్లు దేనికి?"

"ఉంటే మంచిదే కదన్నా!"

ఈ "ఉంటే మంచిదే కదా" అనే మాట దగ్గరే నాకు పేచీ. ఇద్దరుండే ఇంటికి అయిదు బెడ్‌రూములు, ఎప్పుడూ వాడని ఫోన్ కెమెరాకి వంద రెట్ల జూమ్, అన్నిటికీ మనం చెప్పుకునే సమాధానం ఇదే. ఇల్లు పెద్దదైతే తుడుచుకునే ఓపిక పోతుంది, అంతే. సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ మీద జూమ్ ఎక్కువైతే మాత్రం ఆ రైఫిల్ ఏ పని కోసం పుట్టిందో ఆ పనే పోతుంది. వాడికి ఫోన్‌లో అరగంట చెప్పాను. వాడు ఎంతవరకు విన్నాడో తెలియలేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను కూడా మొదట కొన్నది 6-24x50. అంటే 6 రెట్ల నుంచి 24 రెట్ల దాకా జూమ్, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. మౌంట్‌తో (రైఫిల్‌కి స్కోప్‌ని పట్టి ఉంచే బిగింపు) కలిపితే కిలోకి కాస్త తక్కువ. మూడు కిలోల రైఫిల్ నెత్తిన అది కూర్చుంటే బక్క ఎద్దు మీద వడ్ల బస్తా వేసినట్టుండేది. రేంజ్‌లో బెంచీ మీద, ఇసుక సంచీల మీద ఆనించి కాలుస్తుంటే మాత్రం రాజాలా అనిపించింది. వంద గజాల దూరంలో కాగితానికి పడిన చిల్లు అంచులు కూడా కనబడేవి.

తర్వాత పరిచయస్తుల రాంచ్‌కి పందుల కోసం వెళ్లాం. టెక్సస్‌లో ఈ పందుల గోల తెలియనివాళ్లకి ఒక మాట. ఇవి పెంపుడు పందులూ యూరప్ అడవిపందులూ కలిసిపోయిన జాతి. రాష్ట్రంలో ఇరవై లక్షలకు పైనే ఉంటాయని అంచనా. ఒక్క రాత్రిలో పచ్చిక బయలుని ట్రాక్టర్ పెట్టి దున్నినట్టు చేసిపోతాయి. 2019 సెప్టెంబరు నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వీటిని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. మా ఊళ్లో వేరుశనగ చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టుకుంటూ కూర్చునేవాళ్లను చూసి పెరిగాను. అదే శత్రువు మీద ఇక్కడ రైఫిల్ పట్టుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ కొంచెం వింతగానే ఉంటుంది.

సాయంత్రం, పొద్దు వాలిపోయింది. వాగు ఒడ్డు పొదల్లోంచి నాలుగైదు నల్లటి ఆకారాలు బయటికొచ్చాయి. నలభై గజాలు, అంతకంటే ఉండదు. మామూలు కంటికి పంది పందిలానే కనబడుతోంది. రైఫిల్ ఎత్తి స్కోప్‌లో చూస్తే నల్లగా, మసగ్గా, ఏవో వెంట్రుకలు. అది పంది భుజమా, పిరుదా, పక్కనున్న ఇంకో పందా, అర్థం కాలేదు. రేంజ్‌లో 18 మీద పెట్టిన జూమ్ అలాగే వదిలేశాను. ఫోకస్ నాబ్ వంద గజాల మీద ఉంది. ఎడమచేత్తో జూమ్ రింగు తిప్పుతుంటే బిగుసుకుని రాదు. ఈలోగా పెద్ద పంది తలెత్తి ఒక్కసారి గుర్రుమంది. నేను కంటి దగ్గర్నుంచి స్కోప్ తీసేసరికి పొదలు ఊగుతున్నాయి. పక్కనున్న పెద్దాయన తన పాత రెడ్ డాట్ (అద్దంలో ఎర్రటి చుక్కతో గురి చూపించే పరికరం) కిందకు దించి నావైపు చూసి నవ్వాడు. ఒక్క మాట అనలేదు. అంటే కాస్త బాగుండేది.

ఆ చీకట్లో మసగ్గా కనబడటానికి లెక్క ఉంది. ముందు అద్దం వెడల్పుని జూమ్‌తో భాగిస్తే, వెనక మీ కంట్లోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. 50ని 18తో భాగిస్తే 2.8 మిల్లీమీటర్లు. మసక వెలుతురులో మన కంటిపాప అంతకు రెట్టింపు దాకా తెరుచుకుంటుంది, స్కోప్ మాత్రం సగం గ్లాసే పోస్తుంది. అదే స్కోప్‌ని 6 మీద పెడితే 8 మిల్లీమీటర్లకు పైగా వచ్చేది. అంటే "పెద్ద అద్దం, ఎక్కువ వెలుగు" అన్న మాట సగమే నిజం. జూమ్ పెంచిన మరుక్షణం ఆ పెద్ద అద్దానికి పెట్టిన డబ్బులు వాగులో పోసినట్టే.

అసలు సెమీ-ఆటోమేటిక్ అంటే ఏమిటి? ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా వెళ్తుంది, తర్వాతిది తనంతట తానే చాంబర్‌లోకి వస్తుంది. బోల్ట్ రైఫిల్‌లో లాగా ప్రతిసారీ చేత్తో బోల్టు లాగడానికి చెంప ఎత్తక్కర్లేదు, గురిలోంచి కన్ను తియ్యక్కర్లేదు. దీని గొప్పంతా రెండో తూటాలోనే ఉంది. మొదటి దెబ్బకి బారెల్ ఎగిరి కిందికి దిగేలోపు లక్ష్యం మళ్లీ అద్దంలో దొరకాలి. 3 రెట్ల స్కోప్‌లో అది ఎటూ పోదు, ఎదురుగానే ఉంటుంది. 18 రెట్లలో చిన్న కుదుపుకే ఆకాశమో గడ్డో కనబడుతుంది, మళ్లీ వెతుక్కోవాలి. వెతుక్కునేదానికి సెమీ-ఆటో ఎందుకు, తాతల నాటి బోల్ట్ రైఫిల్ చాలదా? అందుకే నేను స్కోప్ చూసేటప్పుడు "ఎంత దూరం కనబడుతుంది" అని అడగను. "పేలాక నా కన్ను ఎంతసేపట్లో గురి దగ్గరికొస్తుంది" అని అడుగుతాను.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. సోవియట్‌వాళ్లు ఎస్‌విటీ-40 అనే సెమీ-ఆటో రైఫిల్ కోసం తయారుచేసిన పీయూ స్కోప్ మూడున్నర రెట్లు. ఆ రైఫిల్ స్కోప్‌తో అనుకున్నంత కచ్చితంగా కొట్టకపోయేసరికి 1942 నుంచి అదే స్కోప్‌ని పాత మోసిన్ బోల్ట్ రైఫిల్ మీదికి మార్చారు, అది వేరే కథ. 1963లో వచ్చిన డ్రాగునోవ్ సెమీ-ఆటో రైఫిల్, మన ఇండియన్ ఆర్మీ కూడా ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే, దాని మీద పీఎస్ఓ-1 స్కోప్ 4 రెట్లు. దూరం అంచనా కట్టడానికి 1.7 మీటర్ల మనిషి ఎత్తుని కొలిచే వంపు గీత కూడా అందులోనే చెక్కేశారు. అమెరికన్ల ఎం1డీ గారండ్ సెమీ-ఆటో రైఫిల్ మీద ఎం84 స్కోప్ అయితే 2.2 రెట్లే! పైగా ఆ రైఫిల్‌లో తూటాల క్లిప్ పైనుంచి దించాలి కాబట్టి స్కోప్‌ని నడినెత్తిన పెట్టే వీల్లేక ఎడమ పక్కకి జరిపి బిగించారు, చెంప ఆనడానికి తోలు దిండు కట్టారు. రైఫిల్ చెప్పినట్టు స్కోప్ వినాలి గానీ స్కోప్ కోసం రైఫిల్ ఒంగదు. అమెరికా మెరైన్లు ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో మోసిన ట్రైజికాన్ కంపెనీ ఏకాగ్ స్కోప్ కూడా 4x32, అంతే.

ఇక్కడ ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. "అది పాత కాలం సార్. 2020లో మెరైన్లు 1-8 రెట్ల వీకాగ్ స్కోప్ ఎంచుకున్నారు. 2022లో అమెరికా ఆర్మీ కొత్త 6.8 మిల్లీమీటర్ల తుపాకుల కోసం వోర్టెక్స్ కంపెనీతో ఒప్పందం చేసుకున్న ఎక్స్ఎం157 స్కోప్ కూడా 1-8 రెట్లే. అంటే జూమ్ పెరుగుతోందిగా?" పెరుగుతోంది, ఒప్పుకుంటాను. కానీ రెండింటిలోనూ మొదటి అంకె చూడండి, 1. గది లోపల, పొద దగ్గర, కంటికి కనబడినంతే కనబడాలి. ఆ పైన కావలిస్తే పెంచుకో. ఎక్స్ఎం157లో లేజర్‌తో దూరం కొలిచే యంత్రం, తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కేసే కంప్యూటర్ కూడా ఉన్నాయి. మా తమ్ముడు చూసిన సేల్ స్కోప్ 5తో మొదలవుతుంది. తేడా 8కి 25కి మధ్య లేదు, 1కి 5కి మధ్య ఉంది.

ఇంకో సంగతి. దుకాణంలో డబ్బాల లెక్కన అమ్మే మామూలు 55 గ్రెయిన్ బరువు తూటాలతో మామూలు ఏఆర్-15 వంద గజాల దగ్గర తూటాలన్నీ రెండు, మూడు అంగుళాల గుంపులో వేస్తే బాగానే కొట్టినట్టు. నెలకోసారి రేంజ్‌కి పోయే నాలాంటివాడు అంతకంటే బాగా కొట్టడు కూడా. పాతిక రెట్ల స్కోప్ ఆ గుంపుని చిన్నది చెయ్యదు. మీ చెయ్యి ఎంత వణుకుతోందో పాతిక రెట్లు పెంచి చూపిస్తుంది. చూసేకొద్దీ టెన్షన్, టెన్షన్ పెరిగేకొద్దీ ట్రిగ్గర్‌ని గుంజడం.

సరే, మరి తక్కువ జూమ్ అంటే ఏది? రెడ్ డాట్ ఒకటి. దీనికి జూమ్ లేదు, కన్ను ఎక్కడున్నా పర్లేదు, రెండు కళ్లూ తెరిచే కాల్చొచ్చు. స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1975లో మొదటిది తెచ్చింది. వాళ్ల పీఆర్ఓ మోడల్‌కి ఒక్క బ్యాటరీ 30,000 గంటలు, అంటే ఆపకుండా ఉంచినా మూడేళ్ల పైన. నూరు గజాలలోపు పందులకి దీన్ని మించింది లేదు, నా ఒక్కడికి తప్ప.

ఎందుకంటే నాకు అస్టిగ్మాటిజం, అంటే కంటి వంపులో తేడా వల్ల చూపు చెదిరే లోపం. మొదటిసారి రెడ్ డాట్ కొని ఆన్ చేస్తే గుండ్రటి చుక్క కనబడలేదు. కామాకి తోక మొలిచినట్టు, పక్కన ఇంకో రెండు చిన్న కామాలు. సరుకే పాడైందనుకుని వెనక్కి పంపాను. రెండోదీ అంతే. అప్పుడొకరు చెప్పిన చిట్కా ఇది. ఫోన్ కెమెరాని ఆ అద్దం వెనక పెట్టి ఫోటో తియ్యండి. ఫోటోలో చుక్క గుండ్రంగా ఉంటే పాడైంది సరుకు కాదు, మీ కన్ను. నా ఫోటోలో చుక్క నిండు చందమామలా ఉంది! పాపం, ఆ మొదటిది అనవసరంగా తిప్పి పంపాను.

ఈ జబ్బుకి మందు ప్రిజమ్ స్కోప్. ఇందులో గురి గుర్తుని అద్దం మీదే చెక్కి ఉంచుతారు. వెలిగించకపోయినా, బ్యాటరీ చచ్చిపోయినా నల్లగా కనబడుతుంది. వెనకున్న రింగు తిప్పి మీ కంటికి తగ్గట్టు స్పష్టం చేసుకోవచ్చు. రెడ్ డాట్‌లో ఆ వీలుండదు. లోపం ఏమిటంటే కన్ను దగ్గరగా పెట్టాలి. చిన్న ప్రిజమ్‌లకి రెండున్నర, మూడు అంగుళాల దూరం. పైన చెప్పిన 4x32 ఏకాగ్‌కైతే ఒకటిన్నర అంగుళమే. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే అద్దంలో నల్లటి గ్రహణం పడుతుంది. నేను మూడు రెట్ల చిన్న ప్రిజమ్ దగ్గర ఆగిపోయాను. నాలుగేళ్లయింది, మార్చాలనిపించలేదు.

కళ్లు బాగున్నవాళ్లు, 300 గజాల దాకా పోయే ఆలోచన ఉన్నవాళ్లు 1-6 రెట్ల స్కోప్ తీసుకోండి. బరువు కొంచెం ఎక్కువ, అర కిలో పైన, మౌంట్ అదనం. 1 మీద పెట్టినప్పుడు గురి చూడటం రెడ్ డాట్ అంత సులువుగా ఉండదు, అమ్మేవాళ్లు ఉంటుందంటారు. రాత్రి వేటకి ఒంటి వేడిని చూపించే థర్మల్ స్కోపులు వేరే ప్రపంచం, వాటి ధర వేరే ఆకాశం, అటు పోవట్లేదు.

ఇక మౌంట్. స్కోప్ మీద వెయ్యి డాలర్లు పెట్టి మౌంట్ మీద ముప్పై పెట్టేవాళ్లని చూశాను. మనవాళ్లలోనే ఎక్కువ, చెప్పకేం. ఏఆర్-15లో భుజానికి ఆనే బట్ బారెల్‌కి తిన్నగా వెనక్కి పోతుంది, బోల్ట్ రైఫిల్ బట్‌లా కిందికి వంగదు. అందుకని చెంప ఎత్తులో ఉంటుంది, స్కోప్ కూడా ఎత్తులో ఉండాలి. రైఫిల్ పైనున్న రెయిల్ మీంచి స్కోప్ గొట్టం మధ్యకి ఒకటిన్నర అంగుళం అన్నది వాడుకలో స్థిరపడిన ఎత్తు. వేట రైఫిళ్ల పొట్టి రింగులు తెచ్చి బిగిస్తే మెడ విరిచినా కన్ను అద్దంలోకి పోదు. కంటికి సరైన దూరం రావాలంటే స్కోప్ కొంచెం ముందుకి జరగాలి. అలాగని ఒక రింగు రిసీవర్ (తుపాకి యంత్రం ఉండే మధ్య భాగం) మీద, ఇంకో రింగు ముందు చెయ్యి పట్టుకునే హ్యాండ్‌గార్డ్ మీద పెట్టకూడదు. హ్యాండ్‌గార్డ్ చేతి బరువుకి అంతో ఇంతో కదులుతుంది, దానితోపాటు మీ జీరో, అంటే సరిచేసి పెట్టుకున్న గురి, కదులుతుంది. ముందుకి సాగిన ఒకే ముక్క మౌంట్‌లు ఇందుకే పుట్టాయి. స్క్రూలు కూడా బలమంతా పెట్టి బిగించొద్దు. రింగుల మీద స్క్రూలకి 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు, గొట్టం నొక్కుకుపోతే లోపలి అద్దాలు మాట వినవు. బిగించాక స్క్రూ తల మీదుగా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. గీత విడిపోయి కనబడిందంటే స్క్రూ కదిలినట్టే.

కొనేముందు ఖాళీ రైఫిల్ మీద ఒకసారి చార్జింగ్ హ్యాండిల్ (మొదటి తూటాని ఎక్కించడానికి లాగే పిడి) లాగి చూడండి. ఏఆర్‌లో అది వెనకే, స్కోప్ కిందే ఉంటుంది. స్కోప్ వెనక్కి ఎక్కువొస్తే ప్రతిసారీ వేలి కణుపులు దానికి కొట్టుకుంటాయి. రేంజ్‌లో కణుపుల మీద బ్యాండ్-ఎయిడ్ కనబడితే ఆ మనిషి మౌంట్ చూడండి.

డబ్బు విషయం ఒక్క ముక్కలో చెప్తాను. 300 డాలర్ల స్కోప్, 100 డాలర్ల మౌంట్, మిగిలిందంతా తూటాలకి. రౌండు అర డాలర్ అనుకున్నా వెయ్యి తూటాలకి 500. ఆ వెయ్యి కాల్చినవాడు, రెండు వేల డాలర్ల స్కోప్ పెట్టి వంద కాల్చినవాడి కంటే బాగా కొడతాడు. దీనికి నా దగ్గర పరిశోధన ఏమీ లేదు, పక్క బెంచీలు చూడటమే. ఇంకో మాట, ఇండియాలో మా బావమరిది తన ఎయిర్‌గన్ కోసం "వచ్చేప్పుడు ఒక స్కోప్ పట్రా బావా" అంటూంటాడు. అమెరికా నుంచి రైఫిల్ స్కోపుల ఎగుమతికి నియంత్రణలున్నాయి. సూట్‌కేసులో పచ్చళ్ల సీసాల మధ్య దూర్చే వస్తువు కాదది.

మా తమ్ముడు చివరికి ఆ సేల్ స్కోప్ కొనలేదు. దుకాణంలో రెడ్ డాట్‌లో చూస్తే వాడికి చుక్క గుండ్రంగానే ఉంది, అదృష్టవంతుడు. అయినా కొంచెం జూమ్ కావాలని 1-6 తీసుకున్నాడు. జీరో చెయ్యడానికి ఇద్దరం వెళ్లాం. 50 గజాల దగ్గర కాగితం పెట్టాం. 50 దగ్గర సరిచేస్తే ఈ తూటా పైకి లేచి మళ్లీ దాదాపు 200 గజాల దగ్గర అదే గీతని దాటుతుంది. మధ్యలో వందా నూటయాభై గజాల దగ్గర ఒకటిన్నర, రెండు అంగుళాలు పైన తగులుతుంది, అంతే. మరీ దగ్గర్లో మాత్రం గురి కంటే రెండున్నర అంగుళాల దాకా కింద పడుతుంది, ఎందుకంటే స్కోప్ బారెల్ కంటే అంత పైనుంటుంది. ఈ సంగతి తెలియక పది గజాల దగ్గర గురి పెట్టి "తుపాకి బాలేదు" అన్నవాళ్లున్నారు.

మొదటి మూడు తూటాలూ రెండంగుళాలు ఎడమకి, ఒక అంగుళం కిందికి పడ్డాయి. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, అది ముఖ్యం. వాడి స్కోప్‌లో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ (కోణం కొలత), అంటే దాదాపు వంద గజాల దగ్గర పావు అంగుళం, 50 దగ్గర అందులో సగం.

"అయితే ఎన్ని క్లిక్కులు?" అన్నాను.

సాఫ్ట్‌వేర్ వాడు కదా, టక్కున చెప్పాడు. "కుడికి పదహారు, పైకి ఎనిమిది."

చెప్పింది కరెక్టే. తిప్పింది ఎడమకి. నాబ్ మీద ఆర్ అని బాణం గుర్తు ఉంది, అది తూటా ఎటు జరగాలో చెబుతుంది. వీడు గురి గీత ఎటు జరగాలో అనుకుని ఉల్టా తిప్పాడు. తర్వాతి మూడూ నాలుగంగుళాలు ఎడమకి పోయి కూర్చున్నాయి. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ముప్పై రెండు క్లిక్కులు వెనక్కి. ఆ తర్వాత మూడు తూటాలు నడిమధ్య నల్ల చుక్కని కొరుక్కుతిన్నాయి. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సామాను సర్దుతూ మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూసి, వేలు పెట్టి ఇంకోసారి చూశాడు. జూమ్ రింగు ఇంకా 6 మీదే ఉంది. చెబుదామని నోరు తెరిచేలోపే దాన్ని 1కి తిప్పి, సంచీ జిప్పు లాగేశాడు.